హోటల్ గదుల నుంచి మైదానం దాకా: అనంతపురంలో ఒక మేనేజరు ఉద్యోగ జీవితం

పెన్నాతీరం (ఆదివారం, రాత్రి 9:10)

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా తమ్ముడు ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాసి, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఆరేళ్లుగా బెంగళూరులో ఒక పెద్ద హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఇప్పుడు మన ఊళ్లోనే ఒక సంస్థ వాడిని ఆపరేషన్స్ మేనేజరుగా రమ్మని పిలిచింది. ఆ సంస్థకు అరవై గదుల హోటల్ ఒకటి, కృత్రిమ గడ్డి పరిచిన టర్ఫ్ మైదానాలు రెండు, పిల్లలకు క్రికెట్ నేర్పే అకాడమీ ఒకటి ఉన్నాయి. మూడింటి బాధ్యతా ఒక్కరిదే. జీతం బెంగళూరులో వస్తున్న దానికంటే కొంచెం తక్కువ.

నాన్నగారికి ఇది ససేమిరా ఇష్టం లేదు. అంత చదువు చదివి, అంత పెద్ద హోటల్లో పనిచేసి, తిరిగి సొంత ఊళ్లో లాడ్జి చూసుకోవడమేమిటని ఆయన బాధ. అమ్మకు మాత్రం కొడుకు ఇంటికొస్తున్నాడన్న సంతోషం తప్ప వేరే లెక్క లేదు. వాడికి హోటల్ పని తెలుసు, ఆటల వ్యాపారం తెలియదు. ఈ రెండూ కలిసిన ఉద్యోగం రోజువారీగా ఎలా ఉంటుందో, పదేళ్ల తర్వాత మనిషిని ఎక్కడికి చేరుస్తుందో, చేరే ముందు ఏం అడగాలో అనుభవం ఉన్నవారు చెబితే మా ఇంటిల్లిపాదికీ మేలు చేసినవారవుతారు.

నైట్ ఆడిట్ (ఆదివారం, రాత్రి 11:45)

పెన్నాతీరం గారూ, మీ తమ్ముడికి వచ్చిన ఉద్యోగానికి చాలా దగ్గరి ఉద్యోగమే నేను చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఓపికగా చదవమని మనవి.

మాది ఉరవకొండ వైపు పల్లె. నేను పెద్ద కోర్సేమీ చదవలేదు. 1998లో బెంగళూరులో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ ట్రైనీగా చేరాను. మూడేళ్లు పక్కలు వేశాను, రెండేళ్లు ఫ్రంట్ డెస్క్ చూశాను, ఆ తర్వాత చాలాకాలం నైట్ ఆడిటర్‌గా ఉన్నాను. నైట్ ఆడిట్ అంటే ఆ రోజు బిల్లులన్నీ అర్ధరాత్రి సరిచూసి, లెక్క మూసి, మరుసటి రోజు తేదీని తెరిచే పని. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి హోటల్లో డబ్బు ఎక్కడ వస్తుందో, ఎక్కడ కారిపోతుందో ఎవరూ చెప్పక్కరలేకుండా తెలిసిపోతుంది. 2010లో నాన్నకు ఆరోగ్యం బాగాలేక అనంతపురం వచ్చేశాను, ఇక్కడొక హోటల్లో అసిస్టెంట్ మేనేజరుగా కుదిరాను. ఆటల సంగతి నాకు అప్పటికి ఏమీ తెలియదు.

ఆటలే నా దగ్గరికి వచ్చాయి. మన ఊరికి జట్లు వస్తూనే ఉంటాయి. ఒకసారి అర్ధరాత్రి దాటాక ఒక బాలికల హాకీ జట్టు దిగింది. దారిలో బస్సు చెడిపోయిందట. పద్దెనిమిది మంది పిల్లలు, ఇద్దరు కోచ్‌లు, ఏడు గదులు. వంటగది మూసేశారు, వంటమాస్టరు ఇంటికెళ్లిపోయాడు. వాచ్‌మన్‌ను తోడు తీసుకుని నేనే పొయ్యి వెలిగించి ఉప్మా చేశాను. కొందరు పిల్లలు తింటూ తింటూనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయారు. తెల్లారి చూస్తే గదుల్లోని తెల్ల తువ్వాళ్లన్నీ ఎర్రమన్ను మరకలే, బూట్లు వాటితోనే తుడుచుకున్నారు. సాక్సులు బాత్‌రూముల్లో ఉతకడంతో రెండు గదుల్లో నీళ్లు పోయే దారి పూడుకుపోయింది. మా యజమాని ఇక మీద జట్లకు గదులివ్వొద్దన్నారు.

నేను ఒక్క నెల గడువు అడిగాను. రంగు వెలిసిన పాత తువ్వాళ్లను ముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టించి, బూట్లు తుడవడానికి గదికి రెండు చొప్పున తలుపు దగ్గరే తగిలించాను. పెరట్లో నాలుగు కుళాయిలు, బకెట్లు, బట్టలారేయడానికి తీగలు కట్టించాను. ఆ తర్వాత తెల్ల తువ్వాళ్లు పాడవలేదు. జట్లను వద్దన్న యజమానే మరుసటి ఏడాది సీజన్ ఎప్పుడు మొదలవుతుందని నన్ను అడిగారు. నా ఉద్యోగ జీవితంలో క్రీడా వ్యాపారం అన్నది ఆ నాలుగు కుళాయిల దగ్గర మొదలైంది.

ఈ ఉద్యోగంలో హోటల్ వేరు, మైదానం వేరు అనుకుంటే కష్టం. ఆటగాడు కూడా అతిథే. కాకపోతే అతనికి ఆకలి వేరే వేళకు వేస్తుంది, నిద్ర వేరే వేళకు కావాలి, అతని సామాను పెద్దది, బట్టలు రోజూ మురికవుతాయి. ఈ నాలుగూ తెలిసినవాడు ఇందులో నిలబడతాడు.

గుత్తికోట (సోమవారం, ఉదయం 6:20)

నైట్ ఆడిట్ గారి మాట చదివి మనసు నిండింది. నేను ఆటగాళ్ల వైపు మనిషిని, పిల్లలకు క్రికెట్ నేర్పుతాను. పెన్నాతీరం గారి నాన్నగారికి ఒక విషయం చెప్పాలనిపిస్తోంది.

అనంతపురాన్ని ఆటల పటంలో చిన్న ఊరని అనుకోవలసిన పని లేదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ ఇక్కడ కట్టిన క్రీడా గ్రామంలో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్, జూడో అన్నీ నేర్పుతున్నారు. రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ పాఠశాల ఇక్కడ మొదలైంది 2010లో, నాదల్ స్వయంగా వచ్చారు కూడా. 2024 సెప్టెంబరులో దేశవాళీ క్రికెట్ పోటీ దులీప్ ట్రోఫీలో ఒక్క మ్యాచ్ బెంగళూరులో జరిగితే మిగిలిన ఐదూ మన ఊళ్లోనే జరిగాయి. ఇండియా సి జట్టు తరఫున మానవ్ సుతార్ 49 పరుగులకు ఏడు వికెట్లు తీసింది, తర్వాతి వారం ఇషాన్ కిషన్ శతకం కొట్టింది, అన్షుల్ కంబోజ్ ఒకే ఇన్నింగ్స్‌లో ఎనిమిది వికెట్లు పడగొట్టింది ఈ నేల మీదే. 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో భారత జట్టు తరఫున ఆడిన బారెడ్డి అనూష మన నార్పల మండలం అమ్మాయి.

ఇంత ఆట ఉన్న చోట ఆటగాళ్లకు బస, భోజనం, ప్రయాణం, మైదానం చూసే మనిషి లాడ్జి చూసుకునేవాడు ఎలా అవుతాడు?

అయితే నాకొక బెంగ ఉంది, దాచకుండా చెబుతాను. ఆర్డీటీ మైదానాల వెనుక ఉన్నది సేవ. టర్ఫ్ మైదానాల వెనుక ఉన్నది గంటకింత అని అద్దెకిచ్చే లెక్క. నేను పిల్లలకు నేర్పే ఒక చోట (పేరు చెప్పను) సాయంత్రం ఆరు కాగానే, డబ్బు కట్టి ఆడేవాళ్లు వచ్చారని పిల్లలను సగం ఓవర్లో ఆపి బయటికి పంపించారు. ప్యాడ్లు విప్పుకుంటూ గేటు దాకా నడిచిన పన్నెండేళ్ల పిల్లవాడి ముఖం నేను మరిచిపోలేదు. వ్యాపారం వద్దని అనను. మీ తమ్ముడు ఆ గేటు దగ్గర ఎటువైపు నిలబడతాడో ముందే తేల్చుకోవాలి.

చెనిక్కాయ (సోమవారం, మధ్యాహ్నం 1:30)

నేను లెక్కలు చూసే మనిషిని. హోటళ్లకు, రెండు టర్ఫ్‌లకు పద్దులు రాస్తాను. మేనేజరుకు తెలియవలసిన డబ్బు విషయాలు రాస్తున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అతిథికి అది మంచి వార్తే. కానీ ఆ 5 శాతంలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ దొరకదు. అంటే కొత్త మంచాలకు, ఏసీలకు, లాండ్రీకి కట్టిన పన్ను ఇక వెనక్కి రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. మన ఊళ్లో దాదాపు గదులన్నీ ఈ పరిధిలోనివే. ఈ సంగతి గమనించకుండా, పన్ను తగ్గిందిగా అని జట్లకు రేటు తగ్గించి ఒప్పుకున్న మేనేజర్లను చూశాను. ఏడాది చివర్లో యజమాని ముందు వాళ్ల దగ్గర జవాబు లేదు.

టోర్నమెంటు పెట్టి టికెట్ అమ్మితే, 500 రూపాయల వరకు జీఎస్టీ ఉండదు, దాటితే 18 శాతం పడుతుంది. ఐపీఎల్ టికెట్ మీద ఇప్పుడున్న 40 శాతం మన స్థాయి పోటీలకు వర్తించదు, ఆ భయం అక్కరలేదు. సిబ్బంది పదిమంది గానీ అంతకు మించి గానీ ఉంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది గానీ అంతకు మించి గానీ ఉంటే పీఎఫ్ కట్టాలి. హోటల్, టర్ఫ్, అకాడమీ మూడు వేర్వేరు పేర్లతో ఉన్నాయా, ఒకే సంస్థ కిందే ఉన్నాయా అన్నది చేరేముందే అడిగి తెలుసుకోవాలి. వేర్వేరు అయితే మీ తమ్ముడి నియామక పత్రం ఏ సంస్థ పేరు మీద ఇస్తారన్నది చిన్న ప్రశ్న కాదు.

ఓర్వకల్లు రాళ్లు (సోమవారం, రాత్రి 8:05)

కర్నూలు నుంచి రాస్తున్నాను. జట్లకు భోజనం సరఫరా చేయడం నా వృత్తి.

నాలుగు రోజుల మ్యాచ్‌లో భోజన విరామం నలభై నిమిషాలు, టీ విరామం ఇరవై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో రెండు జట్లు, అంపైర్లు, అధికారులు, మైదానం సిబ్బంది అందరూ తినాలి, ఆటగాళ్లు మళ్లీ చేతులు కడుక్కుని, ప్యాడ్లు కట్టుకుని బయటికి రావాలి. పెళ్లి భోజనంలో ఒక పంక్తి ఆలస్యమైతే మర్యాదకు ఏదో సర్ది చెప్పుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. దులీప్ మ్యాచ్‌ల రెండో వారంలోనూ మూడో వారంలోనూ ఒకేసారి నాలుగు జట్లు మన రాయలసీమ ఊళ్లో ఉన్నాయంటే, ఆటగాళ్లే అరవై మంది దాకా, ఆపైన సహాయ సిబ్బంది. దాని వెనుక పనిచేసిన చేతులెన్నో నాలాంటివాడికి తెలుస్తుంది.

వంటతో పాటు ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. 2019 ఆగస్టు నుంచి మన క్రికెటర్లు కూడా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) చేసే నిషిద్ధ మందుల పరీక్షల కిందికి వచ్చారు. జలుబు చేసిందని ఆటగాడు రిసెప్షన్‌లో మాత్ర అడిగితే, మంచి మనసుతో చేతికిచ్చేయడం మనకు అలవాటు. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజుల్లో నిర్ణీత మోతాదు దాటితే నిషిద్ధం. మాత్రైనా, కషాయమైనా జట్టు వైద్యుడి చేతి మీదుగానే వెళ్లాలి. నీళ్ల సీసా మూత ఆటగాడే తీయాలి, మన కుర్రాడు మర్యాదకు తీసి ఇవ్వకూడదు. నేను నా సర్వర్లకు నేర్పే మొదటి పాఠం అదే.

ఉదయం ఫలహారానికి బయటి జట్లు ఓట్స్, గుడ్లు, పండ్లు అడుగుతాయి. ఒక పక్కన చిన్న పళ్లెంలో ఉగ్గాని, బజ్జి కూడా పెడతాను. ఆట ఉన్న రోజు బజ్జి జోలికి ఎవరూ రారు, ఆట అయిపోయిన మర్నాడు ఉదయం మాత్రం ఆ పళ్లెమే ముందు ఖాళీ అవుతుంది.

పెన్నాతీరం (సోమవారం, రాత్రి 10:15)

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి గుత్తికోట గారి మాటలు చదివి వినిపించాను. దులీప్ ట్రోఫీ చూడటానికి ఆయనే స్వయంగా వెళ్లివచ్చిన మనిషి కనుక, ఆ మాట దగ్గర కాసేపు మౌనంగా ఉండిపోయారు.

నైట్ ఆడిట్ గారూ, ఒక్క ప్రశ్న. ఈ పనిలో మీకు బాగా దెబ్బ తగిలిన సందర్భం ఏదైనా ఉంటే చెప్పగలరా? తమ్ముడు అదే అడగమన్నాడు.

నైట్ ఆడిట్ (మంగళవారం, ఉదయం 5:10)

ఉంది. పేర్లు లేకుండా చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక నిర్వాహకుడు పెద్ద టోర్నమెంటు పెట్టాడు. తొమ్మిది రోజులకు ముప్పై గదులు, మూడు పూటలా భోజనం. మనిషి మంచి మాటకారి, మా ఊరివాడే. అడ్వాన్సు అడగడం మొహమాటమనిపించి, నోటి మాట మీదే గదులు ఇచ్చేశాను. ఆరో రోజు అతని ఫోను మూగబోయింది. జట్లలోని పిల్లలకు ఈ సంగతి తెలియదు, వాళ్లను బయటికి పంపడానికి నాకు చేతులు రాలేదు. మిగిలిన మూడు రోజులూ అన్నం పెట్టి, బస్సు ఎక్కించి పంపాను. నష్టంలో ఒక భాగాన్ని యజమాని నా జీతంలోంచి నెలనెలా పట్టుకున్నారు. అలా ఏడు నెలలు గడిచాయి. ఆయనది తప్పని నేను అనను, సంతకం పెట్టించుకోవలసింది నేను.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. గదులు కేటాయించే ముందు సగం డబ్బు, జట్లు దిగేలోపు మిగిలినది, ఎవరు ఏ గదిలో ఉంటారో తెలిపే రూమింగ్ లిస్ట్ మూడు రోజుల ముందు, అన్నీ కాగితం మీద. మైనర్లు ఉంటే వారి బాధ్యత ఎవరిదో కూడా రాయించుకుంటాను. అమ్మాయిల జట్టు ఉన్న అంతస్తులో రాత్రి డ్యూటీకి మహిళా సిబ్బందినే వేస్తాను, ఆ అంతస్తులో వేరే అతిథులకు గది ఇవ్వను. ఆదాయం తగ్గుతుందని యజమాని అన్నా ఈ విషయంలో నేను వెనక్కి తగ్గలేదు.

ఇంకొకటి. ఆర్డీటీ వల్ల స్పెయిన్ నుంచి, పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వల్ల కొరియా నుంచి మన వైపు మనుషులు వస్తూ ఉంటారు. విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోపు ఆ అతిథి వివరాల ఫారం నింపి అధికారులకు పంపాలి. ఆ పని మరునాటికి వాయిదా వేసే మేనేజరును ఎవరూ పెద్ద బాధ్యతకు నమ్మరు. మీ తమ్ముడు ఆరేళ్లు ఫ్రంట్ ఆఫీసులో ఉన్నాడు కనుక ఇది అతనికి కొట్టిన పిండే.

దేవునికడప (మంగళవారం, ఉదయం 11:00)

కడప నుంచి నా రెండు మాటలు. మా దగ్గర రాజారెడ్డి క్రికెట్ స్టేడియం ఉంది, పుట్లంపల్లిలో క్రీడా పాఠశాల ఉంది. నేను మైదానం సంరక్షణలో పనిచేశాను. హోటల్ నుంచి వచ్చే మేనేజర్లు సాధారణంగా నేలను పట్టించుకోరు. మన సీమలో నీళ్లే అసలు సమస్య. అకాడమీలో నిజమైన గడ్డి, మట్టి పిచ్ ఉంటే బోరు ఎంత లోతు, వేసవిలో ఎన్ని గంటలు పోస్తుంది, రోలర్ సొంతమా అద్దెదా అని మొదటి రోజే అడగాలి. కృత్రిమ గడ్డికి నీళ్లు అక్కరలేదని చెబుతారు కానీ ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆ గడ్డి మీద చెయ్యి పెట్టి చూడండి, పెనం మీద పెట్టినట్టే ఉంటుంది. ఆ వేళ పిల్లలను దాని మీదికి పంపకూడదు. స్లాట్ల (అద్దెకిచ్చే వేళల) పట్టిక వేసేటప్పుడే ఎండాకాలంలో పదకొండు నుంచి నాలుగున్నర దాకా మూసేయాలని మీ తమ్ముడు పట్టుబట్టాలి. గ్రౌండ్స్‌మన్‌కు ఇచ్చే జీతం, గౌరవం రెండూ రిసెప్షనిస్టుకు తగ్గకుండా ఉండాలని కూడా కోరుకుంటాను.

గుత్తికోట (మంగళవారం, సాయంత్రం 7:40)

దేవునికడప గారు చెప్పింది అక్షరాలా నిజం. పిచ్ చూసే మనిషికి గౌరవం లేని చోట ఆట బాగుపడదు.

పదేళ్ల తర్వాత ఏమిటన్న ప్రశ్నకు నాకు తోచింది రాస్తాను. హోటల్ ఒక్కటే తెలిసిన మేనేజరు జనరల్ మేనేజరు దాకా వెళతాడు. ఆట ఒక్కటే తెలిసిన మనిషి కోచ్‌గా మిగులుతాడు. నూరు మందిని వేళకు దించి, తినిపించి, ఆడించి, క్షేమంగా పంపించగలవాడు కావాలని క్రికెట్ సంఘాలు, లీగ్ జట్లు, శిక్షణ కేంద్రాలు వెతుకుతూ ఉంటాయి. వీలైతే మధ్యలో క్రీడా నిర్వహణ కోర్సు ఒకటి చేయమనండి. ఐఐఎం రోహ్‌తక్ వంటి చోట ఉద్యోగం చేస్తున్నవారికీ ఉంది. కానీ కోర్సు కంటే ముందు ఒక పూర్తి సీజన్ చేతులతో పనిచేయాలి.

నిర్వాహకుడు (మంగళవారం, రాత్రి 8:00)

చర్చ ఎంతో ఉపయోగంగా సాగుతోంది. సంస్థల, వ్యక్తుల పేర్లు రాకుండా అనుభవాలు పంచుకున్నందుకు సభ్యులకు ధన్యవాదాలు.

పెన్నాతీరం (ఆదివారం, సాయంత్రం 6:30)

వారం తర్వాత రాస్తున్నాను. శుక్రవారం తమ్ముడు వచ్చి ఆ సంస్థవారిని కలిశాడు. మీరు రాసినవన్నీ ఒక పుస్తకంలో రాసుకుని వెళ్లాడు. నియామక పత్రం హోటల్ సంస్థ పేరు మీద ఇస్తామని, పీఎఫ్ కడతామని ఒప్పుకున్నారు. బోరు సంగతి అడిగితే యజమాని ఆశ్చర్యపోయి, స్వయంగా తీసుకెళ్లి చూపించారట. వేసవి మధ్యాహ్నాలు మూసేయడానికి మొదట ఒప్పుకోలేదు. టర్ఫ్ మీద చెయ్యి పెట్టి చూడమని వీడు అడిగాక ఒప్పుకున్నారు.

గుత్తికోట గారూ, మీ గేటు మాట వాడికి బాగా పట్టుకుంది. అకాడమీ పిల్లల వేళ ఆరున్నర దాకా ఉండాలని, ఆ లోపు ఎవరికీ స్లాట్ అమ్మకూడదని షరతు పెట్టాడు. సాయంత్రం మొదటి అరగంట ఆదాయం పోతుందని వాళ్లు లెక్క చూపించారు. అప్పుడు వీడు, తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా టర్ఫ్‌ను నడిపే బాధ్యత తానే తీసుకుంటానని, ఉద్యోగస్తులను ఆ వేళకు తీసుకొస్తానని చెప్పాడు. మూడు నెలలు చూస్తామన్నారు.

ఇంకో కోరిక కూడా కోరాడు. మొదటి నెలంతా రాత్రి డ్యూటీ వేయమన్నాడు. మేనేజరుకు రాత్రి డ్యూటీ ఎందుకని వాళ్లు అడిగితే, లెక్క ఎక్కడ కారిపోతోందో చూడాలని చెప్పాడట. నైట్ ఆడిట్ గారూ, అది మీ మాటే.

నాన్నగారు ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. నిన్న మాత్రం బీరువాలోంచి పాత తువ్వాళ్లు ఆరు తీసి, కత్తిరించమని అమ్మకు ఇచ్చారు. ఒకటో తేదీన చేరుతున్నాడు. ఓర్వకల్లు రాళ్లు గారు డిసెంబరులో ఏదైనా జట్టుతో ఇటు వస్తే ముందుగా ఒక మాట చెప్పండి, రూమింగ్ లిస్ట్ మూడు రోజుల ముందు పంపమని తమ్ముడు మిమ్మల్నే మొదట అడుగుతాడు.